కొండలు, అడవుల్లో యువజన శిబిరాలు నడిపే పరిచర్యకు నిధులు: ఏ డబ్బు ఏ ఖర్చుకు నప్పుతుంది?

వేసవి వచ్చిందంటే మన క్రైస్తవ సంఘాల్లో వీబీఎస్‌లు (పిల్లల సెలవుల బైబిలు పాఠశాలలు), యూత్ రిట్రీట్‌లు మామూలే. ఈమధ్య కొన్ని బృందాలు హాలు వదిలి కొండెక్కుతున్నాయి. భువనగిరి బండ మీద తాడు పట్టుకుని దిగడం, వికారాబాద్ అనంతగిరి చెట్ల మధ్య నడక, హార్స్‌లీ హిల్స్‌లో డేరాలు, రాత్రి నెగడు చుట్టూ కూర్చుని వాక్యధ్యానం. ఒక ఏడు ముప్పైమంది పిల్లలొస్తే మరుసటి ఏడు డెబ్బైమంది పేర్లిస్తారు. అప్పుడే కమిటీలో ఫండ్స్ మాట మొదలవుతుంది. అమెరికాలో మా బావగారున్నారు, ఒక్క మాట చెబితే చాలంటారు ఒకరు. కంపెనీలకు లెటర్ పెడదామంటారు ఇంకొకరు. ముందు ప్రార్థన చేద్దామంటారు పాస్టర్ అయ్యగారు. ఎవరి మాటా తప్పు కాదు, కానీ అన్నీ ఒకేసారి చేయబోతే ఒక్కటీ తెగదు.

ఇలాంటి శిబిరాల లెక్కలు చూసే మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరిస్తారు అని కాకుండా దేనికి ఖర్చు పెడతాం అని మొదలుపెట్టండి. సగం దారులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ముందు ఖర్చును విడదీయండి

ప్రతి శిబిరానికీ అయ్యే ఖర్చు ఒకటి: బస్సు, భోజనం, ఇన్సూరెన్స్, అటవీశాఖ అనుమతి, ఫస్ట్ ఎయిడ్ సరుకు. ఇది ఎన్నేళ్లయినా ఆగదు. దీన్ని ఎవరో ఒక్కసారి ఇచ్చే పెద్ద చెక్కు మీద నిలబెడితే, ఆ చెక్కు రాని ఏడాది శిబిరమే ఉండదు.

రెండోది సామాను. చాలామంది దీన్ని ఒక్కసారి కొంటే అయిపోయే ఖర్చు అనుకుంటారు. తాడునే తీసుకోండి. పద్ధతిగా నడిపే చోట ప్రతి తాడుకూ ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. కొన్న తేదీ, ఏ రోజు ఏ బండ మీద వాడారు, ఎంతమంది దిగారు, ఎవరైనా జారి బరువంతా ఒక్కసారిగా దాని మీద పడిందా, చేత్తో తడిమితే ఎక్కడైనా మెత్తగా తగిలిందా, ఇవన్నీ అందులో రాస్తారు. అసలు వాడకపోయినా సరే, పదేళ్లు దాటిన తాడునూ హార్నెస్‌నూ (నడుముకు కట్టుకునే పట్టీ) పక్కన పడేయమని పేరున్న తయారీదారులు చెబుతారు. గట్టిగా వాడితే అంతకు చాలా ముందే. కాబట్టి తాడు కూడా మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చే, ఏటా కొంత పక్కన పెట్టాలి. ఇందుకే ఎవరైనా ప్రేమగా వాడిన తాళ్లు కానుకగా ఇస్తానంటే దండం పెట్టి వద్దనండి. దాని చరిత్ర మనకు తెలియదు. డేరాలు, స్లీపింగ్ బ్యాగులు, వంటగిన్నెలు పాతవైనా సంతోషంగా తీసుకోవచ్చు.

మూడోది మనుషులు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలోనో, డార్జిలింగ్‌లోని హిమాలయన్ సంస్థలోనో నెల రోజుల బేసిక్ కోర్సు చేసిన ఇద్దరు కుర్రాళ్లుంటే మీ పరిచర్య రూపే మారిపోతుంది. మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది, ఆమె తొలి శిక్షణ మన భువనగిరి బండ మీదే. ఆ ఖర్చు భరించింది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ. మంచి కోచ్ దొరికాక, పక్కనే ఉన్న బండ చాలని ఆ ఉదంతం చూపించింది.

నాలుగోది స్థలం. విస్తరణ అనగానే అందరి కళ్లూ అరకు మీదికే పోతాయి. ఒక్క విషయం తెలిస్తే బోలెడు టెన్షన్ తప్పుతుంది. అరకు, లంబసింగి, మారేడుమిల్లి, విశాఖ వైపు అనంతగిరి, ఇవన్నీ ఏజెన్సీ ప్రాంతాలు. జనం 1/70 అని పిలిచే చట్టం ప్రకారం అక్కడ భూమి గిరిజనులకు గానీ, పూర్తిగా గిరిజన సభ్యులే ఉన్న సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, బహుమతి కూడా బదిలీ కిందికే వస్తాయి. కాబట్టి "అరకులో రెండెకరాలకు సాయం చేయండి" అని దాతల దగ్గరికి వెళ్లకండి. అక్కడ శిబిరం పెట్టాలనుంటే స్థానిక గిరిజన కుటుంబాల వసతి, వంట, గైడ్‌లను డబ్బిచ్చి వాడుకోండి. సొంత స్థలమే కావాలంటే ఏజెన్సీ బయట చూసుకోండి.

పిల్లల ఫీజు

ఉచితంగా పెట్టకపోతే సేవ ఎలా అవుతుందని కొందరి బాధ. కానీ అమెరికాలో దశాబ్దాలుగా అడవి శిబిరాలు నడిపే క్రైస్తవ సంస్థలు చాలావరకు ఫీజు మీదే నడుస్తాయి. వీటన్‌ కాలేజీ వాళ్లు విస్కాన్సిన్‌లో 1951 నుంచి నడుపుతున్న హనీరాక్ అలాంటిదే. కట్టలేని పిల్లల కోసం దాతలు విడిగా ఒక నిధి పెడతారు. ఈ పద్ధతి మనకూ బాగా సరిపోతుంది.

ఉదాహరణకు మూడు రోజుల శిబిరానికి తలకు 3,000 రూపాయలు అవుతుందనుకోండి. కరపత్రంలో 3,000 అనే వేయండి. దాని కింద "ఇంత కట్టలేనివారు కట్టగలిగినంత రాయండి, మిగతాది మేం చూస్తాం" అని ఒక గీత గీసి వదలండి. అసలు ఖర్చెంతో తల్లిదండ్రులకు తెలుస్తుంది. పక్కింటి పిల్లవాడి ఫీజు నేను కడతాననే మనిషి కూడా ఇక్కడి నుంచే పుడతాడు. మొత్తం ఉచితం అని బ్యానర్ కట్టారా, పేరిచ్చిన వాళ్లలో చాలామంది బస్సు దగ్గరికి రారు, వండిన అన్నం మిగిలిపోతుంది.

ఫీజుకు ఉన్న లోపం కూడా తెలిసిందే. రోజువారీ ఖర్చు దాటి అది ఎదగదు. కొత్త జిల్లాలో శిబిరం పెట్టడానికి, కోచ్‌ని పంపడానికి వేరే డబ్బు కావాలి.

నెలవారీ చిన్న కానుకలు

నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. 150 కుటుంబాలు నెలకు 200 రూపాయలిస్తే ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఆ డబ్బు ఏ కంపెనీ దగ్గర చేయి చాచకుండా వస్తుంది, ఏ షరతూ పెట్టదు. ఎవరైనా ఒకరు మానేసినా 200 రూపాయలే తగ్గుతాయి.

ఇది మన నేలకు కొత్తది కాదు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని పనివారిని పంపింది ఎక్కడికో కాదు, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ వైపుకే. దాన్ని మొదలుపెట్టిన వారిలో ముందు నిలిచిన వి.ఎస్. అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. విదేశీ మిషన్ల డబ్బు దండిగా వస్తున్న రోజుల్లో తమిళ పల్లెల చిల్లర డబ్బులతో తెలుగు నేల మీద పని జరిగింది. మిజోరం సంఘాల్లో ఇంటి ఇల్లాలు వంట చేసేటప్పుడల్లా గుప్పెడు బియ్యం పక్కన పెడుతుంది. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో ఇప్పటికీ మిషన్ పని నడుస్తోంది.

చిక్కల్లా కొనసాగింపులో ఉంది. జనవరిలో ఉత్సాహంగా చేతులెత్తిన వాళ్లలో కొందరు ఎండాకాలానికి మరిచిపోతారు. యూపీఐ ఆటోపే పెట్టిస్తే కొంత నయం. దానికన్నా బాగా పనిచేసేది నెలకొక చిన్న వాట్సాప్ కబురు. "ఈ నెల మీ కానుకతో రెండు హెల్మెట్‌లు కొన్నాం, ఇదిగో బిల్లు" అని ఒక ఫొటో పెట్టండి. పెద్ద సాక్ష్యాలు, వీడియోలు అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ మాత్రం ట్రస్టు ఖాతాదే ఉండాలి. ఎంత నమ్మకస్తుడైనా సరే, యూత్ లీడర్ సొంత ఫోన్‌పే నంబరు ఇవ్వకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు అడిగినప్పుడు ఆ కుర్రాడే ఇరుక్కుంటాడు.

పెద్ద దాతలు, 80జీ ఆశ

ఊళ్లో డాక్టరు గారో, కాంట్రాక్టరు గారో ఒకేసారి లక్ష ఇస్తానంటే ఆ డబ్బు కోచ్ శిక్షణకో, డేరాలకో బాగా పనికొస్తుంది. నెలవారీ భోజనానికి మాత్రం వాడకండి.

ఇక్కడ వచ్చే ప్రశ్న 80జీ, అంటే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే నమోదు, ఉందా అని. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారినా జనం నోట అదే పేరు ఉండిపోయింది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి ఈ మినహాయింపు దొరకదు. పాత విధానంలో ఉన్నవారికే లాభం, అదీ 2,000 రూపాయలు దాటిన కానుక నగదుగా ఇస్తే రాదు. కాబట్టి 80జీ తెస్తే దాతలు క్యూ కడతారని ఎవరైనా కన్సల్టెంట్ చెబితే, ఆయన ఫీజు ఎంతో ముందు అడగండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక మతం వారి మేలు కోసమే అని ట్రస్ట్ డీడ్‌లో రాసుకున్న సంస్థకు 80జీ రాదు. వచ్చిన సంస్థ కూడా మతపరమైన పనికి ఏడాది రాబడిలో 5 శాతం దాటి ఖర్చు పెట్టకూడదు. అందుకే కొందరు రెండు సంస్థలు నడుపుతారు: వాక్య బోధ ఖర్చంతా సంఘం సొసైటీ నుంచి, సాహస శిక్షణ ఖర్చు వేరే చారిటబుల్ ట్రస్టు నుంచి. అది నిజంగానే వేరైతే మంచి ఏర్పాటు. ఒకే శిబిరానికి రెండు పేర్లు తగిలించి, ఒకే బిల్లును రెండు చోట్ల చూపిస్తే మాత్రం అది ఏర్పాటు కాదు, మోసం.

కంపెనీల సీఎస్‌ఆర్

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఇవ్వాలి. సీఎస్‌ఆర్ అంటే ఇదే. ఏ పనులో ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో మత బోధ లేదు. ఉన్నవాటిలో మనకు పనికొచ్చేది గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణ. స్పోర్ట్ క్లైంబింగ్ టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. అంటే ఊరి పిల్లలందరి కోసం క్లైంబింగ్ గోడ కడతామంటే అది ఆ పట్టికలోకి చక్కగా ఇముడుతుంది.

కానీ ఆ గోడ దగ్గర బైబిలు పాఠం ఉండదు. అది ఏ పిల్లలకైనా, ఏ రోజైనా తెరిచి ఉండాల్సిన గోడ. సంఘం పెద్దలు దీనికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అర్జీ పెట్టండి. "ముందు డబ్బు రానీ, తర్వాత చూద్దాం" అనేవారు కమిటీలో ఒక్కరున్నా మానుకోండి. నా మటుకు నాకు ఆ గోడ కట్టడం కూడా సేవే అనిపిస్తుంది. అలా అనిపించని వారితో నాకు గొడవ లేదు, వాళ్లకు ఈ దారి నప్పదంతే.

ఇంకో మాట. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థకు పన్ను రిజిస్ట్రేషన్లు, కేంద్ర కంపెనీల శాఖ దగ్గర నమోదు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి. నిరుడు మొదలైన బృందానికి ఇది ఇంకా దూరమే.

విదేశాల నుంచి వచ్చే డబ్బు

బావగారి దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా తీయగా వినిపించే దారి ఇదే, కాలు జారితే గట్టిగా తగిలేదీ ఇదే.

ముందు అడగాల్సింది ఆయన ఏ దేశంలో ఉన్నారని కాదు, ఏ పాస్‌పోర్టు మీద ఉన్నారని. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ నిధి కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకుని రసీదు ఇస్తే సరిపోతుంది. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు పట్టుకుంటే, వంద డాలర్లయినా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కిందికి వస్తుంది. డాలస్‌లోని తెలుగు సంఘం ఖాతా నుంచి పంపినా అంతే. అనుమతి లేకుండా తీసుకుంటే అయిదేళ్ల వరకు జైలు పడే నేరం అది. ఒకే ఇంట్లో అన్న భారత పౌరుడు, తమ్ముడు అమెరికా పౌరుడు ఉండటం ఇప్పుడు మామూలైంది. అన్న కానుక తీసుకోవచ్చు, తమ్ముడిది తీసుకోకూడదు. ఇది మొహమాటపడకుండా చెప్పడం నేర్చుకోవాలి. "తమ్ముడి డబ్బు కూడా నా ఖాతా నుంచే పంపేస్తా" అని అన్న అంటే, దానికీ వద్దనే చెప్పాలి.

ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ చివరిదాని సంగతి తెలియక చాలామంది "పెద్ద మిషన్‌కు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది కదా, వాళ్ల ద్వారా తెప్పించుకుందాం" అంటారు. ఆ తలుపు మూసేశారు.

రిజిస్ట్రేషన్ లేని సంస్థకు ముందస్తు అనుమతి అని ఇంకో దారి ఉంది. ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని చూపించి ఆ ఒక్కదానికే అనుమతి అడగడం. శిక్షణ కేంద్రం లాంటి ఒకేసారి అయ్యే పనికి ఇది బాగుంటుంది. నెలనెలా జీతాలకు పనికిరాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకో ప్రమాదం ఉంటుంది. పేద పిల్లలకు సాయం చేసే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో మన దేశంలో పని ఆపేయాల్సి వచ్చినప్పుడు దాదాపు లక్షా 45 వేల మంది పిల్లలకు సాయం ఆగింది. ఒక్క విదేశీ కుళాయి మీదే ఆధారపడిన స్థానిక కేంద్రాలకు అది ఎంత దెబ్బో ఊహించుకోవచ్చు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే, ఆ డబ్బు రేపటి నుంచి రాకపోయినా శిబిరం నడిచేలా ఉందా అని ఏటా లెక్క వేసుకోండి.

డబ్బు కాకపోతే మనిషిగానైనా వచ్చి పిల్లలకు నేర్పుతానంటారు ఓసీఐ బంధువులు కొందరు. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు మిషనరీ పనికీ, పర్వతారోహణకూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మన పనిలో ఆ రెండూ ఉన్నాయి మరి.

మిగిలిన చిన్న దారులు

క్రౌడ్‌ఫండింగ్ సైట్లలో ఆపరేషన్లకు వచ్చినంత డబ్బు శిబిరాలకు రాదు. పెట్టినా తెలిసినవాళ్లే వేస్తారు, ఆ మాత్రానికి మన వాట్సాప్ చాలు. పెట్టాలనుకుంటే విదేశీ కార్డులు ఆపించి పెట్టండి.

సామాను ఖాళీగా ఉన్న నెలల్లో స్కూళ్లకు, ఐటీ ఉద్యోగుల బృందాలకు శిబిరాలు నడిపి సంపాదించడం మంచి ఆలోచనే. కానీ సాధారణ ప్రజోపయోగం కింద నమోదైన ట్రస్టుకు ఇలాంటి వ్యాపార రాబడి మొత్తంలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు. జీఎస్టీ సంగతి కూడా ఆడిటర్‌ని అడిగి దిగండి.

అప్పు చేసి మాత్రం విస్తరించకండి.

మీ పరిస్థితికి ఏది?

మొదలుపెట్టి మూడేళ్లు కాని బృందమైతే ఫీజు, నెలవారీ కానుకలు చాలు. సామాను కొనకండి, అనుభవమున్న క్లైంబింగ్ స్కూలుతో రోజుకింత అని మాట్లాడుకోండి. వచ్చిన మొదటి పెద్ద కానుకతో ఇద్దరిని కోర్సుకు పంపండి.

మూడేళ్లు దాటి, ఆడిట్ లెక్కలు చేతిలో ఉన్న ట్రస్టుకు స్థానిక పెద్ద దాతలు తర్వాతి మెట్టు. సంఘం మనసు ఒప్పుకుంటే సీఎస్‌ఆర్ గోడ. బంధువర్గం ఎక్కువగా విదేశాల్లో ఉన్న సంఘమైతే భారత పాస్‌పోర్టు ఉన్నవారిని ముందు కలుపుకోండి, ముందస్తు అనుమతి ఆ తర్వాత, పూర్తి ఎఫ్‌సీఆర్‌ఏ అన్నిటికన్నా చివర. కాగితాల పనికే ఒక మనిషిని పెట్టుకోగలిగిన రోజున దాని గురించి ఆలోచించవచ్చు.

ఏ దారిలోనైనా ఒక రకం దాత ఎదురవుతాడు. శిబిరానికి ఎంతమంది అన్యులు వచ్చారు, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు, ఫొటోలు పంపండి అంటాడు. వచ్చేది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు. వాళ్ల పేర్లూ ముఖాలూ లెక్కగా పంపడం ఎంత పెద్ద మొత్తానికైనా ఒప్పుకోకూడని పని. తల్లిదండ్రుల చేత సంతకం చేయించే ఫారంలో తాడు పని ఎంత ప్రమాదమో, ఉదయం సాయంత్రం బైబిలు పాఠం ఉంటుందని, ఇష్టం లేని పిల్లలు కూర్చోనక్కర్లేదని తెలుగులో స్పష్టంగా ఉండాలి. దాత అడిగినప్పుడు ఆ ఖాళీ ఫారం, ఆడిట్ రిపోర్టు, తాళ్ల నోటుబుక్కు చూపించండి. అవి చాలవంటే ఆయన డబ్బు మనకు సరిపడదు.

ఇక ఎప్పుడు అడగాలంటే, నెలవారీ కానుకల పిలుపు కొత్త సంవత్సరం కూడికలో బాగా నడుస్తుంది. పన్ను మినహాయింపు కావాలనుకునే దాతలను ఫిబ్రవరి లోపు కలవండి, మార్చి ఆఖరు వారంలో ఎవరూ ఫోనెత్తరు. కంపెనీల దగ్గరికి ఏప్రిల్, మే నెలల్లో, బడ్జెట్ ఇంకా చేతిలో ఉండగానే వెళ్లండి. వీలైతే పెద్ద శిబిరాన్ని వేసవి నుంచి సంక్రాంతి సెలవులకు మార్చండి. మేలో పొద్దున పది దాటితే బండ మీద చేయి పెట్టలేం, మంచినీళ్లకే బోలెడు ఖర్చవుతుంది.